రామదాసు బాకీ

మంటలకు ఇంకో మొద్దు తొయ్యిరా పెద్దోడా. మంచు దిగుతున్నది. చిన్నది చెద్దరు కప్పుకున్నదా? సరె.

మాపటీలి మీరు ఫోన్ల చూస్తున్నరు గదా, ఏదో సీమదేశపు కోట, అండ్ల ఖైదీలను పెట్టిన బురుజు. టిక్కెట్లు కొనుక్కొని జనం వరుసల నిలవడ్డరు. నాకు నవ్వొచ్చింది. మనకు లేదా కోట? మనకు లేదా బందీఖానా? హైదరాబాదుల ఉండుకుంట గోల్కొండ సగం గుట్ట కూడ ఎక్కనోళ్లు మీరు. కింద గుమ్మటం కాడ చప్పట్లు కొట్టి, ఫోటోలు దిగి, మొక్కజొన్న కంకి తిని మళ్లొచ్చిన్రు. మీ నాయినమ్మ నాతోని చెప్పింది.

నన్ను తీస్కపోయింది మా నాయిన. పట్వారీ అని మీకు ఎర్కే గదా. ఊరి భూముల లెక్క, పన్ను లెక్క అంత ఆయన చేతుల ఉంటుండె. పహాణీ అంటె ఆయనకు రామాయణం తీరు, ఏ సర్వే నంబరు ఎవరిదో నిద్రల లేపి అడిగినా చెప్తుండె. పోలీస్ యాక్షన్ అయి కొన్నేండ్లయింది, నాకింక మీసాలు రాలె. ఏదో కాయిదం పని మీద హైదరాబాదు పోయినం. పని పొద్దుగాల్నే ఒడిసింది. ఎన్నడు నవ్వని మనిషి ఆనాడు నవ్వి, "గోల్కొండ చూస్తవారా?" అన్నడు. చూస్త అన్న. బస్సెక్కినం.

ఫతే దర్వాజ కాడ దిగినం. ఆ తలుపులు చూసినప్పుడు నేను నోరు తెరిచిన. ఇనుప మేకులు, మూరెడు మూరెడు పొడుగు, బైటికి పొడుచుకొచ్చి ఉంటయి. ఎందుకంటె ఏనుగులను తోలి తలుపులు ఇరగ్గొట్టెటోళ్లు గదా, ఏనుగు నుదురు తగిలిందంటె మల్ల ముందటికి రాదు. ఆ దర్వాజకు ఫతే అని పేరొచ్చింది ఔరంగజేబు ఫౌజు ఆ దారెంట లోపలికొచ్చినంక. గెలిచినోడు పెట్టిన పేరది. ఆ ముచ్చట మల్ల చెప్త.

గొల్లలు మేకలు మేపుకునే గుట్ట, అందుకే గొల్లకొండ అయ్యింది అంటరు. కాకతీయుల నాడు మట్టి కోట. 1363ల బహమనీ సుల్తానుకు పోయింది. 1518ల సుల్తాన్ కులీ సొంతంగ రాజ్యం పెట్టుకున్నడు, ఆయన కొడుకులు మనవలు రాళ్లు పేర్చుకుంట పోయిన్రు. ఎనభై ఏడు బురుజులు, ఎనిమిది దర్వాజలు. ఇండ్ల ఇబ్రహీం కుతుబ్ షా ఒక్కని గురించి ఆగి చెప్పాలె. అన్నకు భయపడి విజయనగరం పారిపోయి, అళియ రామరాయల నీడల ఏడేండ్లు ఉన్నడు. తెలుగు నేర్చిండు. గద్దె ఎక్కినంక తెలుగు కవులను పిలిచి పీటేసి కూసోబెట్టిండు. వాళ్లు ఆయన పేరును కూడ తెలుగు చేసిన్రు, మల్కిభరాముడని. అద్దంకి గంగాధరకవి పుస్తకం రాసి ఆయనకే అంకితమిచ్చిండు. ఆయన కొడుకే 1591ల హైదరాబాదు కట్టింది.

బాలా హిస్సారు గుమ్మటం కింద నాయిన నన్ను నిలవెట్టి చప్పట్లు కొట్టుమన్నడు. కొట్టిన. మీరు కొట్టిన్రు గదా, కాని ఆ చప్పుడు యాడ ఇనవడ్తదో పోయి చూసిన్రా? పైన, గుట్ట కొస మీద, బారాదరి కాడ. కిందికెల్లి కిలోమీటరు దాక ఉంటది. దుష్మన్లు వచ్చిన్రా దోస్తులొచ్చిన్రా అని ముందుగాల్నే తెల్వాలె గదా. ఇప్పుడు పైన నిలవడి ఇనెటోడు లేడు, కింద అందరు కొట్టెటోళ్లే.

మెట్లు మూడు వందల అరవై అంటరు. నేను లెక్కవెట్టుడు మొదలువెట్టిన గని, మట్టి గొట్టాలు చూసి మర్శిపోయిన. కింద బాయిలకెల్లి నీళ్లను ఎడ్లతోని మోటలు కొట్టిచ్చి, ఒక తొట్టిలకెల్లి ఇంకో తొట్టికి, అట్ల మెట్టు మెట్టుకు పైకి ఎక్కిచ్చి, గోడలల్ల పెట్టిన మట్టి గొట్టాలెంట మహళ్లకు పంపెటోళ్లు. మోటారు లేదు, కరెంటు లేదు. మా ఊరి బాయికాడ ఒక్క మడి తడుపనీకే మేం చచ్చేటోళ్లం.

నడిమిట్ల అంబర్‌ఖానా వస్తది, ధాన్యం కొట్టు. 1642ల కట్టినట్టు రాయి మీద ఫార్సీల చెక్కి ఉంటది. మా నాయినకు ఉర్దూ, ఫార్సీ అక్షరాలు వస్తుండె, ఏలు పెట్టి చదివిండు. ఆ దగ్గర్లనే రామదాసు బందీఖానా.

బురుజు అనుకోకుండ్రి. జైలు అంటె మీ సినిమాలల్ల చూపెట్టినట్టు ఇనుప చువ్వలు, వరుస గదులు ఏం లేవు. మన పాత ఇండ్లల్ల వడ్లు పోసే గరిసె ఉంటుండె చూడు, పైన నోరు, లోపల చీకటి, అట్లనే ఉంటది. ఎత్తు గోడలు, పైకప్పుకు ఒక బొక్క. ఆ బొక్కల నుంచే ఎలుగు, ఆ బొక్కల నుంచే తిండి ఏసెటోళ్లంట. అసలు సామాన్లు దాసుకునే కొట్టంట అది, మనిషి కోసం కట్టింది కాదు. గోడ మీద రాముడు, సీత, లక్ష్మణుడు, ఆంజనేయుడు బొమ్మలు చెక్కి ఉంటయి. రామదాసే తన చేతులతోని చెక్కిండంటరు. ఇప్పుడు అక్కడ దీపం పెట్టి, పసుపు కుంకుమ ఏసి, గుడి లెక్క చేసిన్రు. మేం పోయిన దినం ఇద్దరు ముసలమ్మలు కూసోని రామదాసు కీర్తన పాడుతున్నరు. ఆ గదిల పాట పాడితె గోడలన్ని కలిసి పాడినట్టే ఉంటది. నాకు ఒళ్లు జల్లుమన్నది.

మా నాయిన దండం పెట్టిండు. తర్వాత ఆ బొక్క దిక్కు చూసుకుంట నిలవడి, మెల్లగ నన్నడిగిండు.

"బాకీ ఎంతరా?"

నాకు సమజు కాలె. ఎవల బాకీ అన్న.

"గోపన్నది. ఖజానాకు కట్టాల్సింది ఎంత?"

కథ మీకు తెల్సు. అయినా చెప్త, నాకు తోసిన తీరుగ చెప్త.

కంచెర్ల గోపన్ననే తర్వాత రామదాసు అన్నరు. నేలకొండపల్లోడు, మన ఖమ్మం జిల్లనే. గోల్కొండ ఆఖరు సుల్తాను అబుల్ హసన్ తానీషా. 1672ల గద్దె ఎక్కిండు. ఆయన కాడ అక్కన్న, మాదన్న అన్నదమ్ములు, హన్మకొండ దిక్కు బ్రాహ్మలు, రాజ్యమంత వాళ్ల చేతుల మీద నడుస్తుండె. గోపన్నకు వాళ్లు మేనమామలని, వాళ్లే పాల్వంచ పరగణాకు తహసీల్దారుగ పెట్టిచ్చిన్రని చెప్తరు. తహసీల్దారంటె ఏం పని? పన్ను వసూలు చేసుడు, గోల్కొండ ఖజానాకు పంపుడు. మా నాయిన పని గూడ అదే, కాకపోతె ఒక్క ఊరికి.

భద్రాచలంల పోకల దమ్మక్క అని ముసలమ్మ, పుట్టల రాముని బొమ్మలు దొరికితె తాటాకు పందిరేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టుకుంట కొలుస్తుండె. గోపన్న పోయి చూసిండు. దేవుడు పందిరి కింద ఉన్నడేంది అని మనసు కరిగింది. జనం గూడ అయ్యా గుడి కట్టు, పంట పండంగనే మేం ఇస్తం అన్నరంట. వసూలైన పన్ను ఆయన చేతుల ఉన్నది. గుడి కట్టిండు, గోపురం కట్టిండు, సీతమ్మకు, లక్ష్మణస్వామికి నగలు చేయిచ్చిండు. గోల్కొండకు లెక్క పోయెటాలకు ఖజానాల జమ లేదు. ఆరు లక్షల వరహాలని హరిదాసులు చెప్తరు. కొందరు మొహరీలంటరు. ఏదైనా గానీ, ఆ కాలంల అది చిన్న సొమ్ము గాదు.

దీన్ని మేం ఉర్దూల ఖయానత్ అనెటోళ్లం. సర్కారు సొమ్ము మంజూరు లేకుంట ఇంకో పనికి వాడితె, నీ ఇంట్ల దాసుకున్నా ఖయానతే, గుడికి పెట్టినా ఖయానతే. కాయిదం మీద రెండు ఒక్కతీరే. మా నాయిన నౌకరి చేసిన కాలంల బకాయి తేలక కొలువులు పోయినోళ్లు, ఇండ్లు జప్తయినోళ్లు ఎందరో. అందుకే ఆయనకు ఆ గదిల భక్తి కంటె ముందు బాకీ కండ్లవడ్డది. "సుల్తాను తప్పేమున్నదిరా, లెక్క అడిగిండు. లెక్క అడుగని సర్కారు ఉంటదా?" అన్నడు. ముసలమ్మలు ఇనలేదు, బతికిపోయినం.

పన్నెండేండ్లు ఉంచిన్రంట ఆ చీకట్ల. కొరడాలతోని కొట్టిన్రంట. ఆడ కూసోని గోపన్న రామునికి పాటలు కట్టిండు. మొదలు బతిమాలిండు, తర్వాత అలిగిండు, ఆఖరికి తిట్టిండు. నీకు నగలు చేయించిన సొమ్ము లెక్క ఒక్కటొక్కటి ఒప్పజెప్పిండు. నేను పెద్దగైనంక ఆ కీర్తనలు ఇన్నప్పుడల్ల అనుకుంట, ఇది తహసీల్దారు కట్టిన పాటే, ఇంకొకరు కట్టరు. దేవునికే హిసాబు చూపిచ్చిండు గదా! కబీరుదాసు వచ్చి ఆయనకు మంత్రం చెప్పిండని కూడ అంటరు. కబీరు అంతకు నూరేండ్ల కంటె ముందటి మనిషి. కథల సంవత్సరాలు అడుగొద్దు, నేను అడుగుత గని మీరు అడుగొద్దు.

తర్వాత ముచ్చట మా నాయినకు అన్నిటికంటె ఇష్టం. ఒకనాటి అర్ధరాత్రి తానీషా పండుకున్న కాడికి ఇద్దరు పడుచు పిల్లగాండ్లు వచ్చిన్రంట. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పిన్రు. మేం గోపన్న నౌకర్లం, ఆయన బాకీ తెచ్చినం అని ఆరు లక్షలు గుమ్మరిచ్చిన్రు. ఆ మాడల మీద రాముని పట్టాభిషేకం బొమ్మ ఉన్నదంట, రామమాడలంటరు. సొమ్ము పోసి ఊకె పోయిన్రా? పోలె. రసీదు అడిగిన్రు. తానీషా చెల్లుచీటీ రాసి ముద్రేసి ఇచ్చిండు. ఆ చీటీ తెచ్చి నిద్రపోతున్న గోపన్న తల కింద పెట్టి మాయమైన్రు. తెల్లారి సుల్తాను ఉరికొచ్చి ఇడిపిచ్చిండు.

"చూసినవా," అన్నడు నాయిన మెట్లు దిగుకుంట, "దేవుడే అయినా రసీదు తీస్కున్నడు. పైసలిచ్చి రసీదు తీస్కోనోడు ఎంత పిచ్చోడో!" నాకు బస్సు టిక్కెట్టు కూడ దాసిపెట్టుమని చెప్పే మనిషి ఆయన.

నవ్వకుండ్రి. ఆయన ఎటకారం చేసిండనుకున్న గని, ఇంటికి పొయ్యెదాక బస్సుల మల్ల మాట్లాడలె. ఎన్టీ రామారావు సర్కారు వచ్చి పటేళ్లను పట్వారీలను తీసేసిన ఏడు, దఫ్తరంత మూటలు కట్టి తహసీలుల అప్పజెప్పినప్పుడు, ప్రతి మూటకు దస్కతు పెట్టిచ్చుకున్నడు. ఆ చీటీలు ఆయన పోయెదాక దేవుని అర్రల ఉండె.

తానీషా చెడ్డోడు కాదు. అది మీకు గట్టిగ చెప్తున్న. ఆయన పుట్టుక రాజవంశమే అయినా, పెరిగింది షా రాజు అనే సూఫీ గురువు కాడ, ఫకీర్లతోని. సుల్తాను అల్లుడయి అనుకోకుంట గద్దె ఎక్కిండు. భద్రాద్రి రాముని కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితి ఆయనే పెట్టిండంటరు. శ్రీరామనవమికి పట్టుబట్టలు, ముత్యాలు ఇయ్యాల్టికి సర్కారు ఖర్చుతోనే పోతున్నయి, మంజూరు తోని. గోపన్న అదే పని మంజూరు లేకుంట చేసిండు, గంతే ఫరక్.

ఇగ తానీషాకు ఏమయిందో ఇనుండ్రి, ఇది బడిల సగమే చెప్తరు.

ఔరంగజేబు కన్ను గోల్కొండ మీద ఎప్పుడో పడ్డది. పడదా? కొల్లూరు వజ్రాలు ఈడనే అమ్ముతుండె. బ్రాహ్మలను మంత్రులు చేసుకున్నడని, మరాఠోళ్లకు పైసలిస్తున్నడని కోపం చెప్పుకున్నడు. 1686ల ఫౌజు మీదికి రాంగనే గోల్కొండలనే కొందరు కుట్ర చేసి అక్కన్న, మాదన్నలను నడి బజార్ల చంపిన్రు. వాళ్ల పేరు మీద హరిబౌలిల మహంకాళి గుడి ఉన్నది, బోనాలప్పుడు ఏనుగు మీద ఘటం ఎల్లేది ఆడికెల్లే. ముందుగాల బోనం మాత్రం గోల్కొండ మీద అమ్మవారికే, ఎవరికైనా ఆమె తర్వాతనే.

మల్లేడు 1687ల ఔరంగజేబు తానే వచ్చి కూసున్నడు. ఎనిమిది నెలలు. తోపులు పేల్చిండు, గోడల కింద సొరంగాలు తవ్వి మందు కూరిండు. ఆ మందు ఎనక్కి పేలి ఆయన సిపాయిలే చచ్చిన్రు. వానలు దంచినయి, రోగాలొచ్చినయి, తిండి లేక ఫౌజు అల్లాడింది. ఒక రాత్రి నిచ్చెనలేసుకొని సప్పుడు కాకుంట గోడ ఎక్కుతుంటె ఒక ఊరకుక్క చూసి మొరిగింది. అందరు లేచిన్రు, నిచ్చెనలు తోసేసిన్రు. తానీషా ఆ కుక్క మెడల బంగారు గొలుసు ఏయించిండు! ఏం నవ్వుతవ్ రా, నిజంగనే. ఆ కాలం చరిత్రకారుడు రాసిపెట్టిండు.

గోడ పడలె. మనిషి పడ్డడు. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచం తిని సెప్టెంబరుల ఒక తెల్లారుజామున దర్వాజ తెరిచిండు. ఏనుగులను ఆపిన మేకులు లోపలోని చేతిని ఏం చేస్తయి? అబ్దుర్ రజాక్ లారీ అని ఇంకో సర్దారు ఉండె. ఆయనకూ కాయిదం రాసి ఆశ చూపిచ్చిన్రు, ఆ కాయిదం చింపి పారేసిండు. దర్వాజ తెరుచుకున్నదని తెల్వంగనే దొరికిన గుర్రమెక్కి ఒక్కడే అడ్డం పోయిండు. డెబ్బై గాయాలు తగిలినయంట. దుష్మనైన ఔరంగజేబే హకీములను పెట్టి బతికిచ్చిండు. పన్నీ పేరు మీద దర్వాజ లేదు, లారీ పేరు మీదా లేదు. ఇది నాకు నచ్చదు.

మొఘలు సర్దార్లు మహల్లకు పోయెసరికి తానీషా కూసోని ఎదురుచూస్తున్నడు. ఏడువలె, మొత్తుకోలె. నాష్తా టైం అయ్యింది, తెప్పియ్యిండ్రి అని, వచ్చినోళ్ల ముందట్నే నింపాదిగ తిన్నడంట. ఇంత ఆపదల తిండి ఎట్ల పోతున్నదని వాళ్లు అడిగితె, ఫకీరు బతుకు చూసిన, రాజు బతుకు చూసిన, ఇదీ దేవుడు ఇచ్చిందే అన్నట్టు జవాబిచ్చిండంట.

ఆయనను దౌలతాబాదు తీస్కపోయిన్రు. మా రిటైరు నౌకర్లమంత ఎల్లోరా బస్సు కట్టుకొని పోయినప్పుడు నేను ఆ కోట చూసిన. ఔరంగాబాదు కాడ ఉంటది, నిజాం నాడు మన రాజ్యమే. గోల్కొండ కంటె ముదురు కోట అది. గుట్ట చుట్టు బండను నిలువుగ చెక్కి కందకం చేసిన్రు, పైకి పోవాల్నంటె చీకటి సొరంగంలనే పోవాలె. నా తోని వచ్చినోళ్లు చాంద్ మీనారు కాడనే కూలవడి చాయ అడిగిన్రు. నేను చీనీ మహల్ యాడ అని అడుక్కుంట పోయిన. గోడ మీద అక్కడక్కడ నీలి రంగు పెంకులు అంటుకొని ఉంటయి, మిగిలిందంత మొండి గోడ. తానీషాను పెట్టింది ఆడ. ఏడాదికి యాభై వేల రూపాయలు ఖర్చుకిచ్చిన్రని చరిత్రల రాసిన్రు. బొక్కల నుంచి తిండి ఏసుడు లేదు, కొరడాలు లేవు. రాజు ఖైదు రాజు తీరుగనే ఉంటది. కాని ఇడిపిచ్చెటోడు రాలె. పన్నెండు పదమూడేండ్లు ఆ గోడల నడుమ ఉండి, ఆడనే పోయిండు.

ఒకడు ఈడ పన్నెండు, ఒకడు ఆడ పన్నెండు అని మన ఊరి హరిదాసు తక్కెడల పెట్టినట్టు చెప్పి, తాళం ఏసి, పైసలు దండుకుంటుండె. పాపం తగిలింది అనెటోడు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. పాపం తగిలితె దర్వాజ తెరిచినోనికి తగలాలె గదా? వానికి లంచం దొరికింది. మా నాయిన బతికి ఉంటె ఆయనను అడిగేటోణ్ని: గోపన్న బాకీకి చెల్లుచీటీ ఉన్నది, మరి తానీషా చేసిన బాకీ ఏంది? ఎవరికి? ఎంత? ఆయన అద్దాలు తీసి తుడుసుకొని, "కాయిదం యాడున్నది చూపియ్యి" అనేటోడు, ఇంకేమంటడు.

తానీషాను ఖుల్దాబాదుల పాతిపెట్టిన్రు. ఔరంగజేబు 1707ల సచ్చిపోతె ఆయననూ ఆ ఊర్లెనే పాతిపెట్టిన్రు.

మీరు మల్ల పోతె ఆదివారం పోకుండ్రి, తొక్కులాట ఉంటది. పొద్దుగాల పోయి, రామదాసు గది చూసి, బారాదరి దాక ఎక్కి దిగుండ్రి. తర్వాత సీద కుతుబ్ షాహీ సమాధులకు పోవాలె, దగ్గర్లనే. తాతలు తండ్రులు అంత ఆడ పెద్ద పెద్ద గుమ్మటాల కింద పండుకున్నరు. అండ్ల ఒకటి సగం కట్టి ఇడిసిపెట్టింది ఉంటది, పైన గుమ్మటం లేదు. తానీషా తన కోసం మొదలువెట్టిచ్చుకున్నదని చెప్తరు, దాంట్లె ఇప్పుడున్నది ఇంకొకరు, ఆయన తోడల్లుడు నిజాముద్దీన్. బోర్డు సరిగ్గ కనవడది, ఆడ ఊడ్చే మనిషిని అడుగుండ్రి, చూపెడ్తడు.